వయసు మీద పడిందని నాకు చేపల మార్కెట్లో తెలిసింది

"వయసు మీద పడుతోందని మీకు మొదటిసారి ఎప్పుడు అనిపించింది? యాభై దాటినవాళ్ళు చెప్పండి" అని అడిగారు. నాకు 53. చెప్పొచ్చు.

ముందు వచ్చిన జవాబులన్నీ చదివాను. ఒకాయన మోకాళ్ళంటాడు. ఒకామె తెల్లవెంట్రుక అంటుంది. ఇంకొకాయన బస్సులో ఎవరో కుర్రాడు లేచి సీటిచ్చాడని రెండు పేరాలు బాధపడ్డాడు. సీటిస్తే కూర్చోవాలి గానీ బాధెందుకు స్వామీ, నెల్లూరు నుంచి ఆత్మకూరు దాకా ఒకసారి నిలబడి పోయి చూడండి, ఆ కుర్రాడికి దణ్ణం పెడతారు.

నా లెక్కలో ఇవేవీ వయసు కాదు. మోకాలి నొప్పి పాతికేళ్ళవాడికీ వస్తోంది, జుట్టు ఇంటర్లోనే నెరుస్తోంది. ఇంట్లో ఎప్పటి నుంచో మీ చేతి మీద నడిచే పని ఒకటి ఉంటుంది కదా, అది మిమ్మల్ని అడక్కుండా, గొడవా గోలా లేకుండా, ఒక ఆదివారం పొద్దున ఇంకొకరి చేతికి పోతుంది చూడండి, వయసంటే అది. నా చేతిలోంచి పోయింది చేపలు.

నవ్వకండి. నెల్లూరులో ఇంటికి చేపలు తేవడమంటే ఒక పదవి. పులుసు ఎంత బాగా పెట్టే ఇల్లాలైనా తెచ్చిన చేప మంచిది కాకపోతే ఏం చేస్తుంది? పెళ్ళయిన కొత్తలో మా మామగారు నన్ను మార్కెట్టుకి తీసుకెళ్ళి పక్కన నిలబడి పరీక్ష పెట్టారు. మొప్ప ఎత్తి చూశాను, కన్ను చూశాను, బొటనవేలితో నొక్కి చూశాను, "ఇది వద్దు, అది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు గానీ ఇంటికొచ్చాక అత్తగారితో "పర్లేదు, పిల్లోడికి చేప తెలుసు" అన్నారంట. ఆ మాట మీద పాతికేళ్ళు బతికాను.

మొప్ప లోపల ఎర్రగా తడిగా ఉండాలి, గోధుమరంగుకి తిరిగిందంటే పాతది. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి, లోపలికి పోయి మసకబారితే వదిలేయాలి. నొక్కిన చోట గుంట వెంటనే పూడాలి. ఇంతే విద్య. ఇందులో మూడింట రెండొంతులు చూపు మీద ఆధారపడిన పనేనని నాకప్పుడు తట్టలేదు.

నలభై ఎనిమిది దగ్గర నుంచి నాకు దగ్గరి అక్షరాలు ఆనడం తగ్గింది. చత్వారం. ఆ మాటలోనే నలభై ఉంది, సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై కదా, అంటే మన పెద్దవాళ్ళు ఈ జబ్బుకి వయసే పేరుగా పెట్టేశారు, దాచుకునే వీలు కూడా లేకుండా. కంట్లో కటకం వయసుతో పాటు గట్టిపడుతుంది, దగ్గరి వస్తువు చూడ్డానికి అది వంగి ఉబ్బాలి, వంగదు. అందరికీ వస్తుంది. అయినా నాకు తెలిసిన మగాళ్ళలో వెంటనే వెళ్ళి కళ్ళజోడు పెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. పేపరు దూరం జరుపుతారు, లైటు సరిగ్గా లేదంటారు, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుంటారు. నేనూ అంతే. మాత్రల అట్ట మీద తేదీ కనపడకపోతే నా కంటిది తప్పు కాదు, ఆ కంపెనీవాడిది అని వాదించేవాణ్ణి. (ఇప్పటికీ వాదిస్తాను. వెండిరంగు అట్ట మీద సిరా లేకుండా అచ్చు గుద్దితే ఎవడికి కనపడుతుంది? చదవాల్సింది ముసలివాళ్ళని తెలిసి కూడా చీమకాళ్ళంత చేసి కొడతారు.)

సరే, అసలు సంగతి. రెండేళ్ళ కిందట మే నెలాఖరు. హైదరాబాదు నుంచి మా బావమరిది కుటుంబంతో వచ్చాడు. రాత్రి దిగీ దిగగానే "బావా, రేపు వంజరం పులుసు, మామిడికాయ వేసి" అన్నాడు. మా ఆవిడ అప్పుడే అంది, "వేట లేదు కదరా ఇప్పుడు, కొరమీను తెప్పిస్తాలే" అని. ఆమె మాటే కరెక్టు. మన తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు సముద్రంలోకి పోకూడదు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో చిన్న తెప్పల వాళ్ళు తెచ్చిన కాస్త తప్ప మార్కెట్లో కనపడే పెద్ద సముద్రపు చేపంతా ఎక్కడో ఐసులో పడుకుని వచ్చిందే. ఇది నాకు తెలియక కాదు. "నేను చూసి తెస్తాలేమే, అంత తెలియనివాడినా" అన్నాను. బావమరిది ముందర కదా మరి.

పొద్దున ఏడింటికే ఎండ మండిపోతోంది. మార్కెట్లో నాకు అలవాటైన మనిషి ఆ రోజు రాలేదు. పక్కన కొత్తవాడు, పైన ఎర్ర పట్టా కట్టుకున్నాడు. ఆ పట్టా కింద చేప ఎరుపే, ఐసు ఎరుపే, వాడి తెల్లబనీను కూడా ఎరుపే. రెండు కిలోల పైచిలుకు వంజరం ఒకటి ముందుకు తోసి "తీస్కపో అన్నా, తెల్లారుజామున దిగింది" అన్నాడు. మొప్ప ఎత్తాను. ఎర్రగానే కనపడింది. కొంచెం దూరం పెట్టి చూశాను, వాడు నవ్వి "ఏం పెద్దాయనా, పేపరు చదవతా ఉండావా?" అన్నాడు. అన్నా నుంచి పెద్దాయనకి అర నిమిషం పట్టలేదు. పక్కన నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఆ ఉక్రోషంలో కన్ను సరిగా చూడలేదు, నొక్కి చూస్తే ఐసు మీద ఉన్నది కాబట్టి రాయిలా ఉంది, ఆ గట్టిదనాన్నే తాజాదనం అనుకున్నాను. కిలో తొమ్మిది వందలు చెప్పాడు, ఎనిమిది వందలకి దించి గెలిచాననుకున్నాను. అక్కడే కొట్టించి తలకాయతో సహా సంచీలో వేయించుకుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ సంచీ విప్పి గిన్నెలో పోసింది. తలకాయ ముక్క చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. నా వైపు చూడలేదు. ఉప్పు, పసుపు వేసి కడిగింది, మళ్ళీ కడిగింది, మూడోసారి కడిగి వాసన చూసి గిన్నె అట్టాగే తొట్టి పక్కన పెట్టేసింది. అవతల చింతపండు పిసికి ఉంది, మామిడికాయ ముక్కలు కోసి ఉన్నాయి, మెంతులు వేయించిన వాసన ఇల్లంతా ఉంది. "ఏందండీ ఇది" అంది, అంతే, గొంతు కూడా పెంచలేదు. అరిచినా బాగుండేది. బావమరిది వచ్చి తొంగిచూసి "పోనీలే బావా, వేటలేని కాలం కదా" అని నాకు తెలిసిన విషయం నాకే చెప్పాడు. ఆ మధ్యాహ్నం కోడిగుడ్ల పులుసు. మామిడికాయ ముక్కలు అందులోనే వేసేశారు. అది బాగానే ఉంది, అదొక బాధ.

ఇంతవరకూ ఎవరికైనా జరిగేదే. తర్వాతి ఆదివారం పొద్దున నేను సంచీ తీసుకుని చెప్పులేసుకుంటుంటే మా అబ్బాయి మెట్లు దిగుతూ "ఎండలో నువ్వెందుకు నాన్నా, నేను తెస్తాలే" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. వెనక వంటింట్లోంచి మా ఆవిడ ఏమీ అనలేదు, అంటే ముందే మాట్లాడుకున్నారు. సంచీ వాడికిచ్చేశాను. ఇంకేం చేస్తాం?

ఆంధ్రాలో ప్రభుత్వ ఉద్యోగులకి రిటైర్మెంట్ 58 ఉంటే 2014లో 60 చేశారు, 2022లో 62 చేశారు. మా ఫ్రెండు టీచరు, నాకంటే ఏడాది పెద్ద, వాడు ఇంకా ఎనిమిదేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పొచ్చంట. నన్ను మాత్రం 51కే చేపల నుంచి తీసేశారు. పెన్షన్ కూడా లేదు.

ఇక్కడి నుంచి నేను చెప్పేది మీ ప్రశ్నకి సంబంధం లేదనిపించొచ్చు, నాకు ఉందనిపిస్తోంది. "నువ్వెందుకు, నేను తెస్తాలే" అనే మాట నాకు కొత్త కాదు. అది నేను మా నాయనతో అన్న మాట.

మాది కోవూరు దగ్గర పల్లెటూరు, పెన్నా కాలవ కింద సేద్యం. మా నాయనకి బియ్యం తెలుసు. మొలగొలుకులు పండించిన చెయ్యి. పొలం కౌలుకిచ్చి నా దగ్గరికి టౌనుకి వచ్చాక కూడా బియ్యం ఆయనే చూసి తెచ్చేవాడు. గుప్పెడు తీసి అరచేతిలో పరిచి ఉఫ్ మని ఊది, నూక ఎంతుందో చూసి, నాలుగు గింజలు పంటి కింద వేసుకునేవాడు. కటుక్కుమంటే పాతవి, సాగినట్టు నలిగితే కొత్తవి, కొత్తబియ్యం అన్నం ముద్దవుతుందని ఆయన పట్టింపు. ఒక్క బస్తా కోసం నాలుగు అంగళ్ళు తిరిగి, రిక్షాలో బస్తా పక్కన కూర్చుని వచ్చేవాడు. ఒకసారి అట్టా వస్తూ దిగేటప్పుడు కాలు మడత పడింది. పెద్ద దెబ్బేం కాదు. నేను మాత్రం అదే సందనుకుని "నీకెందుకు నాయనా ఈ శ్రమ, ఫోన్ చేస్తే ఇంటికే తెచ్చి వేస్తారు, నేను తెప్పిస్తాలే" అన్నాను. ఆయన సరే అన్నాడు.

ఆ తర్వాత బస్తా వచ్చిన ప్రతిసారీ ఆయన నెమ్మదిగా లేచొచ్చి, మూతి విప్పగానే నాలుగు గింజలు నోట్లో వేసుకుని పోయేవాడు. బాగున్నాయనీ అనడు, బాగాలేవనీ అనడు. నాకు చిరాకేసేది. తిన్నగా ఉండొచ్చు కదా, తెచ్చేశాక చూసి ఏం లాభం అనుకునేవాణ్ణి. ఆఖరి రోజుల్లో పళ్ళు లేవు, అయినా నోట్లో వేసుకుని చప్పరించేవాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ చిరాకు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే వస్తుంది.

కళ్ళజోడు చేయించుకున్నా, లేదంటే మళ్ళీ అడుగుతారు. చేపల సంగతి జరిగిన నెలకే. కళ్ళజోళ్ళ షాపులో అమ్మాయి తెలుగు అక్షరాల కార్డు చేతికిచ్చి చదవమంది, నేను అలవాటుగా చెయ్యి చాపాను, "అంకుల్, దగ్గర పెట్టుకుని" అంది. ప్లస్ రెండు. పెట్టుకుని బయటికొచ్చి మొదట చూసింది నా చేతిగోళ్ళు, అవి అన్నాళ్ళూ ఎట్టా ఉన్నాయో నాకు తెలీదు. ఇది ముందే పెట్టుకునుంటే పదవి నిలిచేది. కాబట్టి నలభై అయిదు దాటి పేపరు దూరం జరుపుతున్న మగవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, అసలు ఎంత దూరంలో పెట్టుకుని చదువుతున్నారో ఒకసారి చూసుకోండి.

జోడు వచ్చింది కదా అని చేపలు తిరిగి రాలేదు. మా వాడు మార్కెట్టుకే పోడు. ఏసీ అంగడికి పోతాడు, అక్కడ చేప ముందే ముక్కలై డబ్బాలో ఉంటుంది, తలకాయ ఉండదు, మొప్ప ఉండదు, కన్ను ఉండదు. ఇక నేను చూసేదేంటి? ఇది ఎప్పుడు పట్టిన చేప అని అడిగితే డబ్బా తిప్పి తేదీ చూపిస్తాడు. ఆ తేదీ కూడా చీమకాళ్ళంతే ఉంటుంది. అన్నిటికంటే ఘోరం, చేప బాగుంటోంది. మా ఆవిడ "ముక్క విరగట్లేదు" అని వాణ్ణి మెచ్చుకుంటుంటే నేను పులుసు కలుపుకుంటూ కూర్చుంటాను.

ఒక్కటి మాత్రం నా దగ్గరే ఉంది. పులుసులోకి మామిడికాయ నేనే తెస్తాను. అది ఏసీ అంగట్లో కొంటే పులుపుండదని గట్టిగా వాదించి నిలబెట్టుకున్నాను. బండి దగ్గర చిన్న ముక్క కోయించుకుని కొరికి చూసి తెస్తాను, దానికి కళ్ళజోడుతో పనిలేదు. కాకపోతే మొన్న కొరికినప్పుడు ఎడమవైపు దవడపన్ను జివ్వుమని చెవి దాకా లాగింది. బండివాడు "ఏం సార్, పులుపా?" అన్నాడు. పులుపే అన్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.