లంకకు వచ్చే ముందు

చిట్టితల్లీ,

ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటూ, బాబుని తీసుకుని గోదావరి లంకలో మన ఇంటికి వచ్చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. అంత తెగువ మా తరంలో ఎవరికీ లేదు. అయినా ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

కాచిన నీళ్లు, దోమతెర, టీకాలు... ఇవి నీకు చెప్పనక్కరలేదు. నా గోలంతా లంఖణం గురించే.

మన ఊళ్లో జ్వరం అనగానే ముందు కంచం తీసేస్తారు. ‘లంఖణం పరమౌషధం’ అనడానికి పక్కింటివాళ్లూ సిద్ధమే. నువ్వు చూడని మీ చిన్న మామయ్యకు నాలుగేళ్లప్పుడు జ్వరం వస్తే మీ అమ్మమ్మ అదే చేసింది. వేడినీళ్లు, బార్లీ నీళ్లు, అంతే. మూడోనాటికి ఒళ్లు చల్లబడింది. పథ్యానికని బీరకాయ కూర కూడా వండింది. వాడు మాత్రం పీట మీద కూర్చోలేకపోయాడు. మెడ వాలిపోతోంది, ఒక కనురెప్ప సగమే లేస్తోంది, పరుగెత్తి వచ్చినవాడిలా ఆయాసం. జ్వరం తగ్గిందిగా, ఇది నీరసమే అన్నారందరూ. మళ్లీ నడవలేదు, ఏడాది తిరగకుండానే పోయాడు. బాబు రిపోర్టులో లీ సిండ్రోమ్ అని, మెదడును దెబ్బతీసే ఆ పుట్టుజబ్బు పేరు చదివినప్పటి నుంచి నాకు వాడే కళ్లముందు మెదులుతున్నాడు.

లోపం ఉన్నది కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోనే. జ్వరంలో ఒంటికి మామూలుకన్నా ఎక్కువ శక్తి కావాలి. అప్పుడే తిండి మాన్పిస్తే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, మెదడు దెబ్బతింటుంది. ఒక్కోసారి జ్వరం తగ్గాక బయటపడుతుంది. అందుకే ఒళ్లు చల్లబడగానే సంబరపడకు. కొబ్బరినీళ్లు ఉన్నాయిలే అని వాటినే నమ్ముకోకు. పంచదార వేసిన గంజి కొద్దికొద్దిగా, నిద్రలేపి అయినా పట్టు. వాంతులై ఏదీ నిలవకపోతే తెల్లారనిద్దాం అనుకోవద్దు, ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాల్సిందే.

నా భయమంతా రాత్రివేళ ఆసుపత్రికి ఆ ప్రయాణం గురించే. గోదావరికి వరద ఎర్రనీరు వచ్చాక కాజ్‌వే మునిగితే పడవే గతి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, మరిచిపోయావా? ఆషాఢ శ్రావణాలు అమలాపురంలో నా దగ్గర ఉండు. మొండికేస్తే నేనే వచ్చి సామాను సర్దిస్తాను.

మీ డాక్టరు చేత ఒక పత్రం రాయించి తెచ్చుకో: జ్వరంలో ఏమి ఎక్కించాలి, ఫిట్స్ వస్తే వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడకూడదు అని స్పష్టంగా. ఇక్కడ అర్ధరాత్రి డ్యూటీలో ఉండే కుర్ర డాక్టరు ఈ జబ్బును చూసి ఉండకపోవచ్చు. నర్సుగా ఆ అర్ధరాత్రులు నాకు తెలుసు.

ఇంకొకటి. ఇది తల్లి వైపు నుంచి వచ్చిందని ఎవరైనా నీ ముఖాన అంటే తల దించుకోకు. ఆ లోపం నాలోనూ ఉండే ఉంటుంది. ఒక్కొక్కరి కణాల్లో ఒక్కో పాళ్లలో ఉంటుంది కాబట్టి నేను మోకాళ్ల నొప్పులతో బతికిపోయాను. నువ్వు వాడికి చేస్తున్న సేవ నేను చూస్తూనే ఉన్నాను తల్లీ.

బాబు చుట్టూ ఉండేవాళ్లం కాబట్టి మేమూ ఫ్లూ టీకా వేయించుకుంటున్నాం. మీ పెదనాన్న గారు సూది అనగానే మొరాయిస్తున్నారు. ఆయన సంగతి నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ