పలాసలో నార్మల్ అన్నారు, ఇక్కడ బీపీ అంటున్నారు

అమెరికా కొత్తగా వచ్చిన మన సిక్కోలు కుర్రాళ్లు తరచూ అడిగే సందేహం ఇది: "అన్నా, ఊళ్లో 134/86 ఉంటే ఫర్వాలేదన్నారు. ఇక్కడ అదే అంకె చూసి హై బీపీ అన్నారు. ఎవరి మాట నమ్మాలి?"

ఎవరూ తప్పు చెప్పలేదు తమ్ముడూ. మన దగ్గర మామూలుగా 140/90 నుంచి బీపీ కింద లెక్కేస్తారు. అమెరికాలో గుండె వైద్యుల సంఘాలు 2017లో ఆ హద్దుని 130/80కి దించాయి. అంతమాత్రాన రేపే మాత్రలు మొదలుపెట్టరు. చాలామందికి ముందు ఉప్పు, బరువు, నడక సంగతి చూసుకోమంటారు.

కొత్త చోటు, టెన్షన్, పరుగున వచ్చిన ఆయాసం, ఇవన్నీ క్లినిక్‌లో అంకెను పెంచుతాయి. అందుకే జబ్బకు పట్టీ చుట్టే మిషన్ ఒకటి కొనుక్కో. మణికట్టుది వద్దు. కాఫీ తాగిన అరగంట వరకూ చూసుకోకు. వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో. చేయి గుండె ఎత్తులో ఉండాలి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం పాటు రాసి ఆ కాగితం డాక్టరుకి ఇవ్వు.

ఉద్దానం వాళ్లయితే ఇంకా జాగ్రత్త. కవిటి, సోంపేట, మందస వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీరంతా చూసినవాళ్లే. దానికి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కానీ బీపీ కిడ్నీని దెబ్బతీస్తుంది, దెబ్బతిన్న కిడ్నీ బీపీని మళ్లీ పెంచుతుంది. రెండూ మొదట్లో నొప్పి లేకుండానే ముదురుతాయి. మీ ఊరి సంగతి ఇక్కడి డాక్టరుకి తెలియదు, నువ్వే చెప్పాలి. కిడ్నీ ఎలా ఉందో తెలిపే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు అడిగి చేయించుకో.

ఇక్కడ ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర డాక్టరు చీటీ లేకుండానే పెద్ద డబ్బాల్లో దొరుకుతుంది. ఒళ్లు నొప్పులని రోజూ మింగితే బీపీకీ చేటే, కిడ్నీకీ చేటే. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందులు కూడా బీపీ పెంచుతాయి.

ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు కూడా మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ, ఎండు చేపలే కాదు, ఇక్కడి బ్రెడ్డు, డబ్బా సూపుల్లోనూ చాలా ఉంటుంది. ప్యాకెట్ మీద సోడియం ఎంతో చూడు. రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములు దాటనివ్వకు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చూపించుకుందాంలే అనుకోకు. ఏడాదికోసారి చేసే సాధారణ చెకప్‌కి ఇక్కడి ఇన్సూరెన్సులు చాలావరకు డబ్బు తీసుకోవు. నీ ఇన్సూరెన్సు నెట్‌వర్క్‌లో, అంటే వాళ్ల జాబితాలో, ఉన్న డాక్టరేనా అని మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కో.