నాన్న కాలు చూసి కోర్సు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మాది చీపురుపల్లి. నాకు 46 ఏళ్లు. సంక్రాంతికి ఊళ్లో వాలీబాల్ ఆడుతుంటే మడమ వెనక టెండన్ తెగింది. ఆపరేషన్ అయింది. అయిదు నెలలు దాటినా మెట్లెక్కాలంటే భయం. ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన మా అమ్మాయి అప్పట్నుంచి దీని గురించే చదువుతోంది, బయోమెడికల్ ఇంజినీరింగ్ చేస్తానంటోంది. మేం సీఎస్ఈ తీసుకోమంటున్నాం. బయోమెడికల్, మెకానికల్, సీఎస్ఈలలో ఏది మంచిది? తెగిన టెండన్ మళ్లీ మునుపటిలా అవ్వదంటున్నారు. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే.

జవాబు: మూడు కోర్సులు పోల్చమన్నారు గానీ, మీ అసలు టెన్షన్ ఆఖరి రెండు వాక్యాల్లో ఉంది. నాకేమైనా అయితే పిల్ల తొందరగా సంపాదనలో పడాలి, అదే కదా? బ్రాంచి గురించి రాసే నాన్నల్లో చాలామంది అడిగేది ఇదే, కాకపోతే బయటికి చెప్పరు. కాబట్టి ముందు మీ కాలి సంగతి మాట్లాడుకుందాం. మీ అమ్మాయికి దీని మీద ఇష్టం ఎందుకు పుట్టిందో కూడా అందులోనే తెలుస్తుంది.

నెల్లిమర్ల చుట్టుపక్కల వాళ్లకి గోగునార తాడు సంగతి చెప్పక్కర్లేదు. లాగితే ముందు పోగుల వదులు పోతుంది, ఆ తర్వాతే తాడు బిగుస్తుంది. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే పట్టీ టెండన్. అందులో కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు కూడా సన్నని అలల్లా ముడతలు పడి ఉంటాయి. పొడవులో సుమారు 2 శాతం సాగేదాకా ఆ ముడతలే విప్పుకుంటాయి. అక్కణ్నుంచి అది గట్టిగా బరువు మోస్తుంది. దాదాపు 4 శాతం దాటితే లోపల పోగులు దెబ్బతినడం మొదలవుతుంది, 8 నుంచి 10 శాతం దగ్గర తెగిపోతుందని పాఠ్యపుస్తకాలు చెప్తాయి. పరుగెత్తేటప్పుడు మడమ టెండన్ మీద పడే బలం శరీర బరువుకి 6 నుంచి 8 రెట్లు ఉంటుంది. వెనకనుంచి ఎవరో కర్రతో కొట్టారనుకుని మీరు తిరిగి చూసే ఉంటారు. ఇది తెగినవాళ్లలో చాలామంది చెప్పే మాట అదే.

మరి 46 ఏళ్లకే ఎందుకు తెగింది? మడమ టెండన్ నడిమి భాగం సుమారు 17 ఏళ్లకల్లా తయారైపోతుంది, ఆ తర్వాత దాదాపు కొత్తగా మారదు. 2013లో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని తేల్చిన పద్ధతి భలేగా ఉంటుంది. 1955 నుంచి 1963 దాకా జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్), ఎవరి టెండన్‌లో ఎంత మిగిలి ఉందో కొలిచారు. టెండన్ ఎప్పటికప్పుడు కొత్తగా మారుతుంటే ఆ పాత కార్బన్ మిగలకూడదు, కానీ మిగిలే ఉంది. అంటే మీరు ఆడింది ఇంటర్ చదివే రోజుల్లో తయారైన టెండన్‌తోనే. దానికి తోడు వయసు పెరిగేకొద్దీ చక్కెర అణువులు కొలాజెన్‌కి అతుక్కుని పోగుల మధ్య అడ్డబంధాలు వేస్తాయి. పోగుల కట్టలు ఒకదాని మీద ఒకటి జారడం తగ్గుతుంది. షుగర్ ఉంటే ఇది ఇంకా ఎక్కువ. ఏడాదంతా కూర్చుని పండక్కి ఒక్కసారిగా ఎగిరితే ఆ టెండన్ ఏం చేస్తుంది చెప్పండి.

అతుక్కున్న టెండన్ మునుపటి టెండన్ కాదన్నది నిజమే. మొదట వచ్చే కొలాజెన్ వేరే రకం, పోగులు చిందరవందరగా పడతాయి. లావుగా కనిపిస్తుంది గానీ, అదే మందానికి అంత బలం ఉండదు. కాస్త సాగి అతుక్కుంటే మడమ పైకి లేపినప్పుడు ఆ కాలు రెండో కాలంత ఎత్తుకి లేవదు. పోగులు సర్దుకోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అయితే అవి ఏ దిక్కుకి సర్దుకోవాలో చెప్పేది దాని మీద పడే బరువే. ఫిజియోథెరపిస్ట్ చెప్పిన లెక్క ప్రకారం బరువు వెయ్యకుండా, భయపడి కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంటే అది బలహీనంగానే ఉండిపోతుంది. సగటు వయసు 74 ఉన్నవాళ్లతో 14 వారాలు బరువుల వ్యాయామం చేయిస్తే మోకాలి చిప్ప కింది టెండన్ బిగువు సుమారు 65 శాతం పెరిగింది. మీకింకా 46. వ్యాయామం మానేసి, ఆ భయాన్ని పిల్ల బ్రాంచి మీద రుద్దడం న్యాయం కాదు సార్. నా మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

ఇక కోర్సు. అమ్మా, ఇది నువ్వూ చదువుతావని తెలుసు. బయోమెడికల్ ఇంజినీరింగ్ మీద ఇప్పుడు మోజు బాగా పెరిగింది. విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది కాబట్టి ఉద్యోగాలు కుప్పలు తెప్పలని కాలేజీల ఏజెంట్లు ఊదరగొడతారు. నాకు అంత నమ్మకం లేదు. బీటెక్‌లో ఈ బ్రాంచి సిలబస్ చాలా చోట్ల ఈసీఈకి (ఎలక్ట్రానిక్స్ బ్రాంచికి) చుట్టంలా ఉంటుంది: సెన్సార్లు, సిగ్నళ్లు, స్కానింగ్ యంత్రాలు. నీకు ఇష్టమైన బయోమెకానిక్స్, అంటే ఒంట్లో భాగాల మీద పడే బలాల లెక్క, ఒకటో రెండో పేపర్లు ఉంటుంది, అంతే. బయటికొచ్చాక ఎక్కువగా దొరికేది ఆసుపత్రి యంత్రాల మెయింటెనెన్స్, లేదా వాటి అమ్మకాలు. అవి తక్కువ పనులని నేననను, కానీ నువ్వు కోరుకుంటున్నది అది కాదు. చివరికి సగం మంది ఐటీ వైపే వెళ్తే, నాన్నగారు చెప్పిన సీఎస్ఈ ఏం తప్పు చేసింది?

నాకైతే మెకానికల్ నయమనిపిస్తుంది. రెండో ఏడాదిలో ల్యాబ్‌లో ఉక్కు కడ్డీని యంత్రానికి బిగించి తెగేదాకా లాగి గ్రాఫ్ గీయిస్తారు. టెండన్‌కి గీసే గ్రాఫూ అదే జాతి, మొదట్లో ముడతలు విప్పుకునే ఆ చిన్న వంపు తప్ప. ఆ పునాది ఉంటే పీజీలో శరీరం వైపు తిరగొచ్చు. పీజీ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ విడిగా ఉంది. మద్రాస్ ఐఐటీలో అప్లైడ్ మెకానిక్స్, బయోమెడికల్ రెండూ ఒకే విభాగం. హైదరాబాద్ ఐఐటీలో, రూర్కెలా ఎన్ఐటీలో కూడా ఇలాంటి విభాగాలున్నాయి. మధ్యలో మనసు మారినా, ఇంటికి అవసరం పడినా మెకానికల్ డిగ్రీతో ఉద్యోగం వెతుక్కోవచ్చు. సీఎస్ఈ గురించి వేరే చెప్పేదేముంది, ఇష్టం ఉంటే మంచిదే. మీ అమ్మాయికి ఉన్నట్టు లేదు.

వెబ్ ఆప్షన్లలో విజయనగరం జేఎన్టీయూ మెకానికల్‌ని పైన పెట్టండి, ఇంటికి దగ్గర కూడా. బయోమెడికలే కావాలని పట్టుబడితే, ఆ కాలేజీ నాలుగేళ్ల సిలబస్ తెప్పించి బయోమెకానిక్స్ ఎన్ని పేపర్లుందో మీరిద్దరూ కలిసి లెక్కపెట్టండి. తర్వాత కాలేజీకి వెళ్లి ల్యాబ్ తాళం తీయించి చూడండి. ల్యాబ్ పై అంతస్తులో ఉంటే ఫిజియోథెరపిస్ట్‌ని ముందే అడిగి వెళ్లండి.