హిమోఫిలియా ఉన్న బాబుకు మోకాలి వాపు

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు, బరువు 20 కిలోలు. తీవ్రమైన హిమోఫిలియా-ఎ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు). దెబ్బేమీ తగలకుండానే ఆర్నెల్లలో కుడి మోకాలు నాలుగుసార్లు వాచింది. తైలం మర్దన చేయవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా, ఈ వాపు కీలు లోపల రక్తం కారడం వల్ల వచ్చేది; మర్దనతో రక్తం ఇంకా కారుతుంది. కారిన రక్తంలోని ఇనుము కీలు లోపలి పొరలో పేరుకుంటుంది. ఆ పొర ఉబ్బి, మళ్లీ మళ్లీ రక్తం కారి, మృదులాస్థి అరిగిపోతుంది. వాపు కనబడేదాకా ఆగకండి. బాబు మోకాలు జివ్వుమంటోందనగానే ఫ్యాక్టర్-8 (రక్తం గడ్డకట్టడానికి కావలసిన, ఈ జబ్బులో లోపించే ప్రొటీన్) పడాలి. కిలో బరువుకు ఒక యూనిట్ ఇస్తే రక్తంలో ఫ్యాక్టర్ స్థాయి 2 శాతం పెరుగుతుంది. కీలులో రక్తం ఆగాలంటే కనీసం 40 శాతం కావాలి, అంటే 400 యూనిట్లు. అంత ఇచ్చినా తగ్గకపోతే ఇన్‌హిబిటర్ (ఫ్యాక్టర్‌ను పనిచేయనివ్వకుండా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) పరీక్ష చేయించండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు, కండకు ఇంజెక్షన్ కూడా వద్దు. రక్తం కారకుండా ముందస్తుగా, క్రమం తప్పకుండా ఫ్యాక్టర్ ఇచ్చే పద్ధతి గురించి హెమటాలజిస్టును (రక్తవ్యాధుల నిపుణుడిని) ఇప్పుడే అడగండి.