పెంపుడు పాముకు చికెన్ ముక్కలు పెడితే చాలదా?

సందేహం: అమెరికా వచ్చి ఏడాదైంది. మా వాడి పోరు పడలేక కార్న్ స్నేక్ (ఇక్కడ ఇళ్లలో పెంచుకునే విషం లేని పాము) పిల్లను తెచ్చాం. ఎలుకలంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. చికెన్ ముక్కలో, గుడ్డో పెట్టొచ్చా?

జవాబు: కుదరదండీ. పాముకు సమతులాహారమంటే తోలు, ఎముక, పేగులతో సహా మొత్తం ఎలుకే. కాల్షియం దాని ఎముకల్లో ఉంటుంది, విటమిన్ ఎ కాలేయంలో. ఉత్త చికెన్ ముక్కలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం నామమాత్రం. అదే మేతగా పెడితే కొన్నాళ్లకు ఎముకలు మెత్తబడతాయి. గుడ్లు మాత్రమే తిని బతికే పాములు ఆఫ్రికాలో ఉన్నాయి కానీ మీది ఆ జాతి కాదు. నాగులచవితి అలవాటుకొద్దీ పాలూ పోయకండి, అరగవు. గిన్నెలో మంచినీళ్లు పెట్టి రోజూ మార్చండి.

బతికున్న ఎలుకల్ని తేనక్కర్లేదు. అవి తిరగబడి పామునే కొరుకుతాయి కూడా. పెట్ స్టోర్లలో గడ్డకట్టించినవి దొరుకుతాయి: వెంట్రుకలు రాని పిల్ల పింకీ, నూగు వచ్చింది ఫజ్జీ, గెంతే వయసుది హాపర్, ఆపైన పెద్ద చిట్టెలుక. పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటు ఎంతుంటే ఎలుకా అంత లావుంటే సరి. పిల్లకు 5–7 రోజులకో పింకీ. పెరిగేకొద్దీ సైజు పెంచుతూ, మధ్య రోజులూ పెంచండి. పెద్దయ్యాక 10–14 రోజులకో చిట్టెలుక. ఆకలేసినట్టు చూస్తోందని జాలిపడితే కొవ్వు పడుతుంది. నెలకోసారి తూకం వేసి రాసుకోండి, దీనికి వంటింటిది కాకుండా వేరే కాటా ఉండాలి.

ముందురోజు రాత్రి ఎలుకను జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కరగనివ్వండి. తినిపించే ముందు కవరుతోనే వేడి నీళ్లలో ఉంచండి, మరిగే నీళ్లు మాత్రం వద్దు. ఎలుక ఒంటిమీద వేడి 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉండాలి. నొక్కితే లోపల గడ్డ తగలకూడదు, తగిలితే పాము కక్కేస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట ఉడికి, ఒకచోట పగులుతుంది. పొడవాటి పటకారుతో అందించండి, వేలితో కాదు. మిగిలింది మళ్లీ గడ్డకట్టించకుండా పారేయండి.

తిన్నాక 48 గంటలు పామును ఎత్తుకోవద్దు. పాముండే పెట్టెలో వెచ్చటి వైపు 85 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, చల్లబడితే అరగదు. కక్కితే పది, పన్నెండు రోజులు ఆగి సగం సైజుది పెట్టండి. రెండోసారీ కక్కితే పాముల్ని చూసే ఎగ్జాటిక్ వెట్ (అరుదైన పెంపుడు జీవుల డాక్టరు) దగ్గరకు వెళ్లాలి. కుక్కల డాక్టర్లు చాలామంది వీటిని చూడరు. కళ్లు నీలంగా మసకబారాయంటే కుబుసం విడవబోతోందన్నమాట, అప్పుడు తినకపోతే కంగారు పడకండి.

ఎలుకల్లో, పాముల్లో ఉండే సాల్మొనెల్లా (మనకు విరేచనాలు, జ్వరం తెచ్చే బ్యాక్టీరియా) గడ్డకట్టినా చావదు. ఎలుకల డబ్బా, గిన్నె, పటకారు వంటగది సింకు దాకా రాకూడదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే వాళ్లను అసలు దగ్గరకు రానివ్వకండి. గ్యారేజీలో చిన్న ఫ్రీజర్ పెట్టుకుంటే మీ ఆవిడకీ పేచీ ఉండదు.