2,548 సార్లు స్ట్రైక్‌అవుట్ అయిన జిమ్ టోమీని గొప్ప బ్యాటర్ అని ఎందుకంటారు?

మీ ప్రశ్న సారాంశం ఇది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ స్టేడియంలో బేస్‌బాల్ ఆటగాడు జిమ్ టోమీ విగ్రహం చూశారు. ఆయన గణాంకాలు తీస్తే 612 హోమ్‌రన్ల (మన సిక్సర్ లాంటివి) పక్కనే 2,548 స్ట్రైక్‌అవుట్లు కనిపించాయి. కొట్టబోయి తప్పినా, కొట్టదగ్గ చోట పడ్డ బంతిని వదిలేసినా ఒక స్ట్రైక్, మూడు పడితే స్ట్రైక్‌అవుట్. క్రికెట్ చూస్తూ పెరిగిన మీకు ఇన్నిసార్లు మూడు స్ట్రైకులతో వెనక్కి నడిచినవాడు మేటి ఆటగాళ్ళ గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎలా ఉంటాడో అంతుపట్టలేదు. ఇలాంటి భారీ హిట్టర్ కెరీర్ మొదటినుంచి చివరిదాకా ఎలా నడుస్తుందని కూడా అడిగారు. చాలా ఏళ్ళుగా స్కోరుబుక్కు రాసుకుంటూ ఈ ఆట చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

ముందు వికెట్ అన్న ఆలోచన పక్కన పెట్టండి. క్రికెట్‌లో అవుటైన బ్యాటర్‌కి ఆ ఇన్నింగ్స్ ముగిసినట్టే. బేస్‌బాల్‌లో అదే మనిషి ఒక్క మ్యాచ్‌లో నాలుగైదుసార్లు బ్యాట్ పట్టుకుని వస్తాడు, సీజన్‌కి 162 మ్యాచ్‌లుంటాయి. జట్టు చేతిలో మ్యాచ్‌కి 27 అవుట్లుంటాయి, అవి అయిపోయేలోపు వీలైనన్ని పరుగులు రాబట్టాలి. మైదానంలోని నాలుగు బేసులూ (మజిలీలు) వరసగా చుట్టి వస్తే ఒక పరుగు. అంటే అవుట్ ఇక్కడ ఒక ఖర్చు. ఆ ఖర్చు స్ట్రైక్‌అవుట్‌గా పోయిందా, గాల్లోకి లేపిన క్యాచ్‌గా పోయిందా అన్నదాంట్లో చాలా సందర్భాల్లో పెద్ద తేడా ఉండదు. మూడో బేస్ మీద రన్నర్ ఉండి, ఒక్క అవుటే పడి ఉంటే స్ట్రైక్‌అవుట్ నిజంగా నష్టమే, ఎందుకంటే లోతైన క్యాచ్ ఇచ్చినా ఒక పరుగు వచ్చేది. కానీ మొదటి బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు నేలబారు బంతి కొడితే ఒకే దెబ్బకి ఇద్దరూ అవుటయ్యే ప్రమాదముంది. స్ట్రైక్‌అవుట్‌తో సాధారణంగా ఒక్కడే పోతాడు.

ఇప్పుడు టోమీ అంకెలు చూడండి. 1991 నుంచి 2012 దాకా 2,543 మ్యాచ్‌లు, 10,313 ప్లేట్ అప్పియరెన్సులు (బ్యాటింగ్‌కి వచ్చిన సార్లు). అందులో 2,548 స్ట్రైక్‌అవుట్లు, 1,747 వాక్‌లు (కొట్టదగ్గ చోట పడని నాలుగు బంతుల్ని వదిలేస్తే మొదటి బేస్ ఊరికే దక్కడం), 612 హోమ్‌రన్లు. ఈ మూడూ కలిపితే 4,907. అంటే ఆయన బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతి వందసార్లలో దాదాపు 48 సార్లు మైదానంలో ఉన్న ఫీల్డర్లకి పనే లేదు, పిచ్చర్‌కీ (బంతి విసిరేవాడు) ఆయనకీ మధ్యే తేలిపోయింది. ఈ మూడు అంకెల్నీ విడివిడిగా చూస్తే తప్పుదారి పడతాం. అవి మూడూ ఒకే అలవాటు నుంచి వచ్చినవి.

ఆ అలవాటు ఏమిటంటే, తనకి కావలసిన బంతి వచ్చేదాకా ఆగడం. ఆయన ఆగుతాడని తెలిసిన పిచ్చర్ ప్లేట్ (బ్యాటర్ ముందున్న పలక) మధ్యలో వేయడానికి భయపడతాడు. అంచుల మీద వేస్తాడు, బయటికి జారే స్లైడర్ వేస్తాడు. దాంతో కౌంట్, అంటే బాళ్ళూ స్ట్రైకుల లెక్క, పొడుగవుతుంది. మూడు బాళ్ళు (కొట్టదగ్గ చోట పడని బంతులు), రెండు స్ట్రైకుల దాకా వెళ్ళాక ఆయన విషయంలో ఎక్కువగా కనిపించేవి మూడు దారులు: ఇంకో బాల్ పడితే వాక్, అంచు మీద పడ్డ బంతిని వదిలేస్తే స్ట్రైక్‌అవుట్, పిచ్చర్ గురి తప్పి మధ్యలో వేస్తే బంతి స్టాండ్స్‌లో. స్ట్రైక్‌అవుట్లు తగ్గించుకోవాలని మొదటి రెండు బంతుల్లోనే ఏదో ఒకటి కొట్టేసే బ్యాటర్‌కి వాక్‌లూ పోతాయి, కొట్టదగ్గ బంతులూ పోతాయి.

బ్యాటింగ్ సగటు (కొట్టి బేస్ చేరిన సార్లని ఎట్-బ్యాట్లతో, అంటే వాక్‌ల్లాంటివి తీసేసిన బ్యాటింగ్ అవకాశాలతో, భాగించిన అంకె) ఒక్కటే చూస్తే టోమీది .276, చెప్పుకోదగ్గదే కానీ అబ్బురపడేది కాదు. వాక్‌లు కూడా కలుపుకుని లెక్కించే ఆన్-బేస్ శాతం .402. వందలో నలభైసార్లు అవుట్ కాకుండా బేస్ ఎక్కాడన్నమాట. స్లగ్గింగ్ .554. ఇది ఎలా లెక్కిస్తారంటే, సింగిల్‌కి ఒకటి, డబుల్‌కి రెండు, ట్రిపుల్‌కి మూడు, హోమ్‌రన్‌కి నాలుగు చొప్పున బేసులు కూడి, ఎట్-బ్యాట్లతో భాగించాలి. ఆయనవి 1,239 సింగిల్స్, 451 డబుల్స్, 26 ట్రిపుల్స్, 612 హోమ్‌రన్లు, మొత్తం 4,667 బేసులు. దాన్ని 8,422 ఎట్-బ్యాట్లతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. ఎట్-బ్యాట్లలోకి వాక్‌లు రావని గుర్తుంచుకోండి, కొత్తగా చూసేవాళ్ళు తికమకపడేది ఇక్కడే.

ఇక కెరీర్ సంగతి. ఇలినాయ్‌లోని పియోరియాలో పుట్టిన టోమీని క్లీవ్‌లాండ్ 1989 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం) 13వ రౌండ్‌లో తీసుకుంది. 13వ రౌండ్ అంటే ముందు వందలమంది ఎంపికైపోయాక. ఆ ఏడాది కింది స్థాయి లీగ్‌లో ఆడిన మొదటి సీజన్‌లో ఆయన కొట్టిన హోమ్‌రన్లు సున్నా. బలం లేక కాదు. ఎడమచేతి బ్యాటర్ అయివుండి బంతిని ఎక్కువగా ఎడమ మైదానం వైపే తోసేవాడు, తుంటి తెరుచుకునేది కాదు. మైనర్ లీగ్స్‌లో, అంటే ఆ కింది స్థాయిల్లో, దాన్ని సరిచేసింది కోచ్ చార్లీ మాన్యుయెల్. పిచ్చర్ వైపున్న తుంటిని ముందుగా తిప్పి, కుడివైపుకి లాగి కొట్టడం నేర్పాడు. ప్రతి బంతికి ముందు కుడిచేత్తో బ్యాట్‌ని పిచ్చర్ వైపు చాపి పట్టుకునే ఆ భంగిమ కూడా అప్పటిదే. అది చూడ్డానికి సవాల్ విసిరినట్టుంటుంది కానీ దాని పని వేరు. భుజాలు బిగుసుకుపోకుండా, లయ తప్పకుండా ఉంచడానికి. 1993లో షార్లెట్ మైనర్ లీగ్ జట్టులో మాన్యుయెల్ కిందే ఆడి .332 సగటుతో 25 హోమ్‌రన్లు కొట్టాడు. ఇది గమనించాల్సిన విషయం: 1991లోనే మేజర్ లీగ్ మైదానంలో దిగినా, అక్కడ స్థిరపడటానికి మరో రెండేళ్ళపైనే పట్టింది. ఈ ఆటలో ఇది మామూలే. మైనర్ లీగ్స్‌లో దశాబ్దం గడిపి పైకి రానివాళ్ళు లెక్కలేనంతమంది.

భారీ హిట్టర్ల కెరీర్‌లో ఫీల్డింగ్ స్థానం ఎప్పుడూ కిందికే జారుతుంది. టోమీ మొదట్లో మూడో బేస్ ఆడాడు. అక్కడ వేగంగా వంగాలి, వజ్రాకారపు మైదానం అడ్డంగా దూరం విసరాలి. 1997 సీజన్‌కి క్లీవ్‌లాండ్ మూడో బేస్ ఆటగాడు మ్యాట్ విలియమ్స్‌ని తెచ్చుకోవడంతో ఈయన మొదటి బేస్‌కి మారాడు. చివరికి డిజిగ్నేటెడ్ హిట్టర్, అంటే ఫీల్డింగే లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే స్థానం. అభిమానులు దీన్ని అవమానంగా చూస్తుంటారు. నా ఉద్దేశంలో అది తప్పు. ఆరడుగుల నాలుగంగుళాల భారీ మనిషి మోకాళ్ళూ నడుమూ ఇరవై ఏళ్ళు నిలవాలంటే ఆ బరువు ఎక్కడో దించాలి.

2002 ఆయన బ్యాటింగ్‌కి పతాకస్థాయి: 52 హోమ్‌రన్లు, .304 సగటు, 122 వాక్‌లు, .445 ఆన్-బేస్, .677 స్లగ్గింగ్. ఆ సీజన్ ముగియగానే ఫ్రీ ఏజెంట్‌గా (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగల ఆటగాడిగా) ఫిలడెల్ఫియాతో ఆరేళ్ళకి 8.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. 2003లో 47 హోమ్‌రన్లతో నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) మొదటి స్థానం, ఆ ఏడాదే 182 స్ట్రైక్‌అవుట్లు. 2004లో 42 హోమ్‌రన్లు. 2005లో శరీరం మొరాయించింది. నడుము, ఆపైన మోచేయి, చివరికి శస్త్రచికిత్స. 59 మ్యాచ్‌లు, 7 హోమ్‌రన్లు, .207 సగటు.

గాయం బ్యాటర్‌ని ఎలా దెబ్బతీస్తుందో ఇక్కడ చెప్పాలి. గంటకి 95 మైళ్ళ బంతి చేతి నుంచి ప్లేట్ దాకా రావడానికి దాదాపు 0.4 సెకను పడుతుంది. అందులో సగం గడిచేలోపే కొట్టాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. నడుము నొప్పితో స్వింగ్ రవ్వంత నెమ్మదిస్తే, ఫాస్ట్‌బాల్‌ని అందుకోవడానికి ముందే బయల్దేరాలి. ముందే బయల్దేరితే స్లైడర్‌కీ ఛేంజప్‌కీ (వేగం తగ్గించి వేసే బంతి) దొరికిపోతాడు. వయసు చేసే పని కూడా ఇదే. కాబట్టి హోమ్‌రన్లు తగ్గడం చివర్లో కనబడే లక్షణం. అంతకుముందే స్ట్రైక్ జోన్ (కొట్టదగ్గ పరిధి) బయటి బంతుల వెంటపడటం మొదలవుతుంది, వాక్‌లు తగ్గుతాయి.

ఆ 2005లోనే ఖాళీ అయిన మొదటి బేస్‌లో రయన్ హోవర్డ్ అనే కుర్రాడు 22 హోమ్‌రన్లు కొట్టి రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు. అప్పట్లో నేషనల్ లీగ్‌లో డిజిగ్నేటెడ్ హిట్టర్ లేడు, ఇద్దరికీ చోటు లేదు. టోమీని షికాగో వైట్ సాక్స్‌కి పంపి ఆరన్ రోవాండ్‌ని, యువ పిచ్చర్లని తెచ్చుకున్నారు. ఫీల్డింగ్ భారం దిగిన టోమీ 2006లో 42 హోమ్‌రన్లు కొట్టాడు. 2007 సెప్టెంబర్ 16న ఏంజెల్స్ జట్టు మీద 500వ హోమ్‌రన్ కొట్టాడు, అది మ్యాచ్ ముగించిన వాక్-ఆఫ్ కూడా. 2008లో మిన్నెసోటాతో జరిగిన టైబ్రేకర్‌ని (సీజన్ చివర సమంగా నిలిచిన జట్ల మధ్య అదనపు మ్యాచ్) వైట్ సాక్స్ 1-0తో గెలిచింది. ఆ ఒక్క పరుగూ టోమీ హోమ్‌రనే.

నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం 2010. నలభైకి చేరువైన వయసులో మిన్నెసోటా 15 లక్షల డాలర్లకి తీసుకుంది. 276 ఎట్-బ్యాట్లలో 25 హోమ్‌రన్లు, అంటే 11కి ఒకటి. కెరీర్ మొత్తం లెక్క దాదాపు 14కి ఒకటి. ఎలా సాధ్యమైంది? రోజూ ఆడించకుండా, ఎక్కువగా కుడిచేతి పిచ్చర్ల మీద దించారు. ఎడమచేతి బ్యాటర్‌కి కుడిచేతి పిచ్చర్ బంతి లోపలికి తిరుగుతూ బాగా కనబడుతుంది, ఎడమచేతి పిచ్చర్ స్లైడర్ దూరంగా పారిపోతుంది. మరుసటి ఏడాది ఆగస్టు 15న డెట్రాయిట్‌లో ఒకే మ్యాచ్‌లో 599, 600 రెండూ కొట్టాడు. 600 చేరిన ఎనిమిదో ఆటగాడు. ఇంతకన్నా తక్కువ ఎట్-బ్యాట్లలో అక్కడికి చేరింది బేబ్ రూత్ ఒక్కడే. 2012లో మళ్ళీ ఫిలడెల్ఫియా చేరి కొట్టిన వాక్-ఆఫ్ ఆయనకి 13వది, అది రికార్డు.

హోవర్డ్ దారి వేరు. 2006లో 58 హోమ్‌రన్లు, ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) పురస్కారం. 2008లో వరల్డ్ సిరీస్ కూడా గెలిచాడు, టోమీకి ఎన్నడూ దక్కనిది అదే (1995, 1997లో రెండుసార్లు ఫైనల్లో ఓడాడు). కానీ హోవర్డ్ వాక్‌లు 2006లో 108 ఉంటే, 2010కి 59కి పడిపోయాయి. ఆ 2010 ఏప్రిల్‌లోనే అయిదేళ్ళకి 12.5 కోట్ల డాలర్ల పొడిగింపు రాసిచ్చారు. 2011 ప్లేఆఫ్‌లో చివరి అవుట్‌కి పరిగెత్తుతూ మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు తెగింది. తర్వాతి అయిదు సీజన్లలో కలిపి 96 హోమ్‌రన్లు, మొత్తం 382 దగ్గర ఆగిపోయాడు. గాయం ఎవరి చేతుల్లోనూ లేదు. అయితే వాక్‌లు జారిపోవడం మాత్రం గాయానికి ముందే మొదలైంది, పైగా బంతిని కుడివైపుకే లాగే ఈ ఇద్దరికీ ప్రత్యర్థులు ఇన్‌ఫీల్డర్లని (బేసుల దగ్గరి ఫీల్డర్లు) అటే మోహరించి సింగిల్స్ దోచుకునేవారు. ఓపికతో వాక్‌లు తెచ్చుకునేవాడికి ఆ నష్టం పూడుతుంది, లేనివాడికి పూడదు. 2023 నుంచి రెండో బేస్‌కి అటూ ఇటూ ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు ఉండాలన్న నిబంధన వచ్చింది కాబట్టి ఇప్పటివాళ్ళ సగటుల్ని ఆ కాలంవాళ్ళవాటితో నేరుగా పోల్చకండి.

హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌కి 75 శాతం కావాలి. 2018లో మొదటి ప్రయత్నంలోనే టోమీకి 89.8 శాతం వచ్చింది. హోమ్‌రన్లలో ఇప్పటికీ ఎనిమిదో స్థానం, వాక్‌లలో ఏడో స్థానం. స్ట్రైక్‌అవుట్లలో రెజీ జాక్సన్ ఒక్కడే ముందున్నాడు, 2,597తో, ఆయనా హాల్‌లోనే ఉన్నాడు. ఉత్ప్రేరకాల గొడవ నడిచిన కాలంలోనే ఆడినా, దానిపై వచ్చిన 2007 మిచెల్ నివేదికలో టోమీ పేరు లేదు. ఓటర్లు దాన్ని కూడా తూకంలో వేశారనే అనుకుంటున్నాను.

ఇక మీరు చూస్తున్న ఏ కుర్ర హిట్టర్‌నైనా అంచనా వేయాలంటే హోమ్‌రన్ల కాలమ్ చివర్లో చూడండి. ముందు వాక్‌లని ప్లేట్ అప్పియరెన్సులతో భాగించండి. టోమీది దాదాపు 17 శాతం, 10 దాటితేనే మంచిదని లెక్క. తర్వాత వరసగా మూడేళ్ళు ఆ శాతం పెరుగుతోందా తగ్గుతోందా చూడండి. స్ట్రైక్‌అవుట్లు 25 శాతం దగ్గరున్నా, వాక్‌లు నిలబడి ఉంటే కంగారు అక్కర్లేదు. స్ట్రైక్‌అవుట్లు పెరుగుతూ వాక్‌లు తగ్గుతుంటే మాత్రం, ఆ ఏడాది 40 హోమ్‌రన్లు కొట్టినా సరే, పిచ్చర్లు అతని లోపం కనిపెట్టేశారనే అర్థం.