పాత పోస్టులు డిలీట్ చేసుకోనివ్వాలా? రెండు పక్కలా దెబ్బ తిన్నోడి జవాబు

పదేళ్ళ కిందట రాసుకున్నవి ఇప్పుడు తీసేసుకునే హక్కు మనిషికి ఉండాలా, లేకపోతే ఒకసారి పెట్టినాక అది అందరిదీ అయిపోద్దా అని అడిగారు గదా. ఉండాలనే నా మాట. కానీ ఆ మాట నోట్లోంచి తేలిగ్గా రావట్లా, ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుద్ది.

మాది కావలి పక్కన. 2012లో ఒంగోల్లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నోటికి ఏదొస్తే అది ఫేస్‌బుక్‌లో పెట్టేయడమే పని. ఎవడో ఫ్రెండ్ పెళ్లి ఫోటో చూసి "నాకైతే పదెకరాల రొయ్యల గుంట రాసిస్తేనే తాళి కడతా మామా" అని స్టేటస్ పెట్టినా. కింద బ్యాచ్ మొత్తం పగలబడి నవ్వుకున్నారు, నేనూ మర్చిపోయినా. 2018లో చీమకుర్తి సంబంధం వచ్చింది, జాతకాలు కుదిరినాయి, ముహూర్తం చూడటమే తరువాయి, ఆ టైంలో అమ్మాయి వాళ్ళన్న రాత్రంతా కూర్చుని నా ప్రొఫైల్ కిందకి లాక్కుంటా పోయాడంట. పొద్దునకల్లా మా మేనమామ ఫోన్లో స్క్రీన్‌షాట్. జోకు సామీ అంటే ఎవురు వింటారు. నిజం చెప్పాలంటే అది పూర్తిగా జోకు కూడా కాదు, అప్పట్లో మా ఇంట్లో ఆ లెక్కలే నడిచేవి, నాకు తప్పనిపించలా కూడా. వాళ్ళన్న ప్లేస్‌లో నేనున్నా అదే చేసేవాడినేమో.

సంబంధం పోయింది. ఆ తర్వాత మూడు రాత్రులు కూర్చుని 2010 నుంచి 2014 దాకా ఒక్కోటి నొక్కి నొక్కి తీసేసినా. ఇప్పుడైతే మేనేజ్ యాక్టివిటీ అని ఉంది, ఒకేసారి బోలెడు ఎంచుకుని ట్రాష్‌లో వేసేయొచ్చు, అది 2020 జూన్‌లో గానీ రాలా. ఎంత తీసినా ఏం లాభం, స్క్రీన్‌షాట్ అప్పటికే చుట్టాల గ్రూపులన్నీ తిరిగొచ్చింది.

కొంతమంది చట్టం ఉంది గదా అంటారు. యూరప్‌లో ఉంది, నిజమే. 2014 మే నెలలో స్పెయిన్ ఆయన కేసులో యూరప్ యూనియన్ కోర్టు, ఆయన పేరు కొడితే 1998 నాటి అప్పుల వేలం ప్రకటన చూపించే లింకులు తీసేయాలని గూగుల్‌కి చెప్పింది, పేపర్‌లో ప్రకటన మాత్రం అట్టానే ఉండనిచ్చారు. 2018 నుంచి జీడీపీఆర్ అనే వాళ్ళ డేటా చట్టంలో 17వ ఆర్టికల్ కూడా ఉంది. మన దగ్గర 2023లో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం వచ్చింది, అందులో 12వ సెక్షన్‌లో మన డేటా తీసేయమని అడిగే హక్కు రాశారు. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామంది చూసుకోరు. మనంతట మనమే పబ్లిక్‌గా పెట్టుకున్న వివరాలకి ఆ చట్టం వర్తించదని 3వ సెక్షన్‌లోనే రాసిపెట్టారు, సోషల్ మీడియాలో రాసుకునే మనిషినే ఉదాహరణగా ఇచ్చారు కూడా. అంటే నా పదెకరాల గుంట స్టేటస్‌కి ఆ చట్టంతో పనిలేదు, ఆ కంపెనీ ఇచ్చిన బటనే దిక్కు.

ఓట్లకి నిలబడేవాళ్ళ సంగతి వేరబ్బా. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు మా పక్కూర్లో ఒకాయన పాత పార్టీలో ఉండగా తిట్టిన తిట్లన్నీ చెరిపేసి కొత్త కండువా కప్పుకున్నాడు, అట్టాంటివి మాత్రం ఉండి తీరాలి.

ఇంక రెండో పక్క. ఇప్పుడు నేను రొయ్యల చెరువులే చూసుకుంటన్నా. అల్లూరు వైపు ఒక పెద్దాయన, నేను పెదనాన్నా అంటా, ఫేస్‌బుక్‌లో రైతుల గ్రూపులో రెండు పంటలు రోజూ డైరీలాగా రాసేవాడు. ఇన్నో రోజు, మేత ఎంత, తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఉప్పు శాతం, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు రాత్రి ఎన్నింటికి వేశాడు, వాన పడిన రోజు ఏం చేశాడు, అన్నీ. కింద మేము అడిగేవి, ఆయన చెప్పేవి, నేను నా చెరువు లెక్కలు కూడా అక్కడే రాసుకునేవాణ్ణి, వేరే పుస్తకం పెట్టుకోలా. పోయినేడు నా చెరువు నలభై ఏడో రోజున వైట్ గట్ అనే రొయ్యల పేగు జబ్బు కనపడింది, పెదనాన్న ఏం చేశాడో చూద్దామని పోతే ఒక్క పోస్టు లేదు. పోస్టుతో పాటు కింద మా కామెంట్లు కూడా పోతాయి గదా, నా లెక్కలు కూడా ఎగిరిపోయినాయి. ఆయన అవి తీసేసి అప్పటికి రెండు నెలలైంది. ఆ పంట చిన్న సైజులోనే పట్టేయాల్సి వచ్చింది.

కోపంగానే ఫోన్ చేసినా. ఆయన "పట్టుబడి బాగుంది, కేజీకి నలభై కౌంట్ వచ్చిందని రాస్తే అది చూసి అప్పులోళ్ళు ఇంటిమీదకొచ్చారబ్బయా, మేత కొట్టాయన నా పోస్టు నాకే చూపించి డబ్బులడిగాడు, ఇంక ఎవురికోసం ఉంచాల" అన్నాడు. నేనేం మాట్లాడతా.

అందుకే తీసేసుకునే హక్కు ఉండాలంటన్నా, కాకపోతే పీకేయడం ఒక్కటే దారి కాకుండా పేరు తీసేసే దారి కూడా ఇవ్వాలి. ప్రోగ్రాముల డౌట్లు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్లో జవాబు ఉంచి దాని మీద మన పేరు తీయించుకోవచ్చు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఉన్న సౌకర్యం రొయ్యలోళ్ళకి ఎందుకుండదు?

నా ఫోన్లో పెదనాన్నవి పదకొండు స్క్రీన్‌షాట్లు మిగిలినాయి. మొన్న అడిగినా, పేరు లేకుండా గ్రూపులో పెట్టనా అని. పేరు తీసెయ్, ఊరు తీసెయ్, చెరువు లోతు కూడా మార్చు, దాన్ని బట్టి గుర్తుపట్టేస్తారు అన్నాడు. లోతు మారిస్తే నీళ్ళ లెక్క, మినరల్స్ లెక్క అన్నీ తప్పుతాయి గదా పెదనాన్నా అంటే, "అయితే పెట్టమాక" అన్నాడు.

పెట్టలా.